'డూ' పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లీషు వ్యాకరణం చెప్పే మాస్టార్లు సాధారణంగా దాటేసే ప్రశ్న ఒకటుంది. 'హీ నోస్' అంటే అతనికి తెలుసు. తెలియదు అనాలంటే 'నాట్' ఒక్కటి చేరిస్తే సరిపోవాలి కదా, మధ్యలో ఈ 'డజ్' ఎందుకు? పైగా అది వస్తూనే 'నోస్' చివరున్న 'స్'ని లాగేసుకుని తన జేబులో వేసుకుంటుంది. ప్రశ్న అడిగినా ఇదే తంతు. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టాలైన జర్మన్, డచ్, స్వీడిష్ భాషల ప్రామాణిక రూపాల్లో ఈ గొడవ లేదు. క్రియ తర్వాత 'కాదు' అన్న మాట పెడితే నిరాకరణ, క్రియను కర్త ముందుకు జరిపితే ప్రశ్న. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ పద్ధతి అదే. మరి ఏ అర్థమూ లేని ఈ 'డూ' మధ్యలో ఎలా దూరింది? దీని మీద డెబ్బై ఏళ్లకు పైగా పండితులు వాదించుకుంటూనే ఉన్నారు.

ముందు దాని వంశం సంగతి. పాత ఇంగ్లీషులో ఇది 'డోన్', జర్మన్‌లో 'టున్', డచ్‌లో 'డూన్'. వీటి వెనక ఉన్న ఇండో-యూరోపియన్ ధాతువుకు మొదటి అర్థం 'చేయడం' కాదు, 'పెట్టడం, ఉంచడం'. సంస్కృతంలో ఇదే 'ధా' ధాతువు. నిధి, విధి, సంధి, సమాధి, విధానం, ధాత అని మనం రోజూ అనే మాటలన్నీ దాని పిల్లలే. గ్రీకులో ఇదే ధాతువు 'థీసిస్'నీ 'థీమ్'నీ ఇచ్చింది. లాటిన్‌లో 'ఫాకెరె' అయింది, దాని నుంచి ఫ్యాక్ట్, ఫ్యాక్టరీ వచ్చాయి, ఇంకాస్త చుట్టు తిరిగి ఆఫీసు కూడా వచ్చింది. వీటన్నిటికన్నా నాకు సరదాగా అనిపించేది శ్రద్ధ. 'హృదయాన్ని పెట్టడం' అని దాని మూలార్థమని చాలామంది ఒప్పుకుంటారు. అవే రెండు ముక్కలు లాటిన్‌లో 'క్రేడో' అయ్యాయి, అంటే నమ్ముతున్నాను అని. ఆ నమ్మకం నుంచే క్రెడిట్ వచ్చింది. మన శ్రద్ధా బ్యాంకువాళ్ల క్రెడిట్ కార్డూ ఒక తల్లి బిడ్డలన్నమాట.

'పెట్టడం' అన్న ఆ పాత అర్థం ఇంగ్లీషులో పూర్తిగా చావలేదు. బట్టలు తొడుక్కోవడాన్ని 'డాన్' అంటారు, అది 'డూ ఆన్'. తీసేయడం 'డాఫ్', అది 'డూ ఆఫ్'. 'డూమ్' అన్న మాట ఇప్పుడు వినాశనమనే అర్థంలో భయపెడుతుంది గానీ, మొదట్లో దానికి 'పెట్టిన నియమం, ఇచ్చిన తీర్పు' అని అర్థం. విలియం రాజు 1086లో తయారు చేయించిన భూముల చిట్టాకు జనం 'డూమ్స్‌డే బుక్' అని పేరు పెట్టింది ఆ అర్థంలోనే, దాని మీద ఇక అప్పీలు లేదని. కింగ్‌డమ్, ఫ్రీడమ్, విజ్‌డమ్ చివరున్న 'డమ్' కూడా ఈ డూమే.

'డిడ్' సంగతి ఇంకా విచిత్రం. సంస్కృతంలో 'ధా'కు వర్తమానంలో 'దధాతి', గతంలో 'దధౌ'. ధాతువులో మొదటి అక్షరం రెండుసార్లు పలుకుతుంది, దీన్నే ద్విత్వం అంటారు. 'డిడ్'లోని రెండు 'డ్'లు ఆ ద్విత్వానికి మిగిలిన గుర్తు. ఆధునిక ఇంగ్లీషులో ఇంత కళ్లకు కట్టే ద్విత్వం ఇంకెక్కడా దొరకదు. 'వర్క్‌డ్', 'లవ్‌డ్' వంటి మాటల చివర భూతకాలాన్ని చెప్పే 'డ్' కూడా ఒకప్పటి 'డిడ్' అరిగిపోయిన రూపమేనన్నది బలమైన సిద్ధాంతం. గోతిక్ భాషలో బహువచన రూపాలు 'డేడుమ్' అని పొడుగ్గా ఉండటం దానికి సాక్ష్యం. ఒప్పుకోనివాళ్లు కూడా ఉన్నారు. ఆ సిద్ధాంతమే నిజమైతే ఇంగ్లీషు ఒక సహాయక్రియను ఒకసారి మింగి అరిగించుకుని, రెండువేల ఏళ్ల తర్వాత అదే క్రియను మళ్లీ సహాయానికి పిలిచినట్టు.

అర్థాల జాబితా జోలికి పోతే నిఘంటువు మొత్తం దించాల్సి వస్తుంది. 'దట్ విల్ డూ' అంటే చాలు. 'హౌ డూ యూ డూ'లో రెండు డూలున్నాయి, మొదటిదానికి అర్థం లేదు, రెండోదానికి 'గడుస్తోంది' అని అర్థం. జైల్లో గడిపితే 'డూయింగ్ టైమ్'. మన ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాల్లో 'డూ ది నీడ్‌ఫుల్' ఇంకా బతికుంది, అది పుట్టిన బ్రిటన్‌లో మాత్రం ఎప్పుడో పాతబడిపోయింది. షేక్‌స్పియర్ నాటకం పేరులో కనిపించే 'అడూ' నిజానికి 'ఎట్ డూ'. ఈ 'ఎట్' నార్స్ భాష నుంచి ఉత్తర ఇంగ్లండ్ మాండలికాల్లోకి వచ్చింది.

ఈ పట్టికలో ఒక మాట దగ్గర మాత్రం ఆగాలి. వీరోచిత సాహసాన్ని ఇంగ్లీషులో 'డెరింగ్-డూ' అంటారు. 14వ శతాబ్దంలో చాసర్ తన 'ట్రాయిలస్ అండ్ క్రిసైడ్'లో నాయకుణ్ని వర్ణిస్తూ, యోధుడికి తగిన పని చేయడానికి తెగించడంలో అతనికి సాటి లేదన్న భావం వచ్చేలా రాశాడు. అక్కడ 'తెగించడం' ఒక మాట, 'చేయడానికి' ఇంకో మాట, రెండూ పక్కపక్కన పడ్డాయంతే. తర్వాత లిడ్గేట్ అనే కవి ఆ పదబంధాన్ని అరువు తెచ్చుకున్నాడు. 16వ శతాబ్దంలో అతని పుస్తకం అచ్చు వేసినవాళ్లు ఒక అక్షరం మార్చేశారు. 1579లో స్పెన్సర్ దాన్ని ఒకే నామవాచకమనుకుని తన కావ్యంలో పెట్టాడు. 1819లో వచ్చిన వాల్టర్ స్కాట్ 'ఐవన్‌హో'తో అది ఊరూరా పాకింది. తాళపత్రాల లేఖకులు మన కావ్యాల్లో పుట్టించిన పాఠాంతరాలు ఎరిగినవాళ్లకు ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. తప్పుడు పాఠమే అసలు పాఠాన్ని మరిపించేంత అందంగా ఉండటం మాత్రం అరుదు.

ఇక అసలు చిక్కుముడి. పాత ఇంగ్లీషులో 'డోన్' మనం చెప్పుకున్న 'పెట్టడం', 'చేయడం' అర్థాలతో పాటు ఒకసారి చెప్పిన క్రియను మళ్లీ చెప్పకుండా దాని బదులుగా నిలబడేది. ఇంకొకరిచేత చేయించడమన్న ప్రేరణార్థం కూడా ఉండేది. కానీ వేరే క్రియ పక్కన నిలబడి, తనకంటూ అర్థం లేకుండా కాలాన్నీ పురుషనూ మాత్రమే మోసే 'డూ' మొదటిసారి స్పష్టంగా కనిపించేది 13వ శతాబ్దపు నైరుతి ఇంగ్లండ్ పద్యాల్లో. నైరుతి, పద్యం అన్న రెండు మాటలూ గుర్తుపెట్టుకోవాలి. వాదనలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి.

స్వీడన్ పండితుడు ఆల్వార్ ఎల్లెగోర్డ్ 1953లో ఈ విషయం మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. కంప్యూటర్లు లేని రోజుల్లో వందల గ్రంథాల నుంచి వేల వాక్యాలు ఏరి లెక్కగట్టాడు. ఆయన తీసిన గ్రాఫు దాటకుండా ఈ రంగంలో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. మూలం విషయంలో ఆయన వాదన ఇది: ప్రేరణార్థపు 'డూ' మెల్లగా అర్థం కోల్పోయి శూన్యమైంది. రాజు కోట 'డిడ్ బిల్డ్' అంటే మొదట 'కట్టించాడు' అని. వినేవాడికి రాజే తాపీ పట్టుకోలేదని తెలుసు కాబట్టి 'కట్టాడు' అన్నా అదే భావం. చార్మినార్‌ను 1591లో కులీ కుతుబ్ షా కట్టాడని మన పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది. 'కట్టించాడు' అని దిద్దేవాళ్లు ఎందరు? ఆ తేడా చెరిగిపోయాక 'డిడ్'కు చేసే పని లేకుండా పోయింది. కవులకు మాత్రం అది ఉపయోగపడింది. 'డిడ్' వాక్యంలో ముందుంటే అసలు క్రియ ప్రత్యయం లేకుండా పాదం చివరికి వెళ్లి ప్రాసకు సుళువుగా కుదురుతుంది. అందుకే మొదట పద్యాల్లో కనిపించిందని ఎల్లెగోర్డ్ అంటాడు.

ఈ కథ చక్కగానే ఉంది గానీ, ఒక చోట బెసుకుతుంది. ప్రేరణార్థపు 'డూ' బాగా వాడింది తూర్పు ఇంగ్లండ్‌లో. అర్థం లేని 'డూ' పుట్టింది నైరుతిలో. 1985లో డేవిడ్ డెనిసన్ ఎల్లెగోర్డ్ వాదనను మళ్లీ పరీక్షకు పెట్టాడు. ఆ తర్వాత ప్రేరణార్థం ఒక్కటే మూలమని గట్టిగా అనే ధైర్యం తగ్గింది.

నైరుతికి పక్కన ఏముంది? కార్న్‌వాల్, సెవర్న్ నది అవతల వేల్స్. అక్కడివి కెల్టిక్ భాషలు. వెల్ష్‌లో చేయడానికి 'గ్వ్నైడ్' అన్న క్రియ ఉంది. అది వేరే క్రియల పక్కన చేరి అచ్చం 'డూ' చేసే పనే చేస్తుంది. కార్నిష్‌లో, సముద్రం దాటి వెళ్లిన బ్రెటన్‌లో ఈ పద్ధతి ఇంకా జోరు. ఆంగ్లో-శాక్సన్లు వచ్చినప్పుడు అక్కడి బ్రిటన్లు చచ్చిపోలేదు, పారిపోలేదు, ఇంగ్లీషు నేర్చుకున్నారు, నేర్చుకుంటూ తమ వాక్యనిర్మాణాన్ని అందులో పోశారు అన్నది కెల్టిక్ వాదం. పట్రీషియా పౌస్సా 1990లో దీన్ని ముందుకు తెచ్చింది. 2008లో జాన్ మెక్‌వోర్టర్ ఒక పుస్తకంతో దీన్ని సామాన్య పాఠకుల దాకా తీసుకెళ్లాడు. ఆయన వాదన చదవడానికి మహా హుషారుగా ఉంటుంది. ఇలాంటి 'డూ' లోకంలో అరుదు, అలాంటిది పక్కపక్కనే ఉన్న రెండు కుటుంబాల్లో ఉంటే కాకతాళీయమంటారా అని ఆయన నిలదీస్తాడు.

ఎదురు ప్రశ్నలకు కొదవ లేదు. బ్రిటన్లు ఇంగ్లీషు నేర్చుకున్నది అయిదో ఆరో శతాబ్దంలోనైతే ఆ 'డూ' 13వ శతాబ్దం దాకా ఎక్కడ దాక్కుంది? రాసినవాళ్లు పండితులు, వాళ్లది శిష్టభాష, పామరుల పలుకు రాతకెక్కలేదు అన్నది జవాబు. గ్రాంథిక-వ్యావహారిక వివాదం చూసిన తెలుగువాళ్లకు ఈ జవాబు అసంభవంగా తోచదు. గిడుగు రామమూర్తి దాకా రాతకూ మాటకూ ఎంత ఎడముండేదో మనకు తెలుసు. కానీ నోటిమాటలో ఉండే ఉంటుందనడం వేరు, ఉందని చూపించడం వేరు. ఏడు శతాబ్దాల మౌనాన్ని శిష్టభాష ఒక్కదాని మీదికి నెట్టేయడం నాకు మింగుడుపడదు. ఇంకో చిక్కు: జర్మన్, డచ్ మాండలికాల్లోనూ 'టున్', 'డూన్' సహాయక్రియలుగా వినిపిస్తాయి. బడిపంతుళ్లు వాటిని మొరటు ప్రయోగాలని కొట్టేస్తారు. ఆ ప్రయోగాలు వినిపించే కాలానికి అక్కడ కెల్టులు లేరు. అంటే ఈ విత్తనం జర్మానిక్ భాషల సంచిలోనే ఉండి ఉండొచ్చు.

2002లో యోహాన్ వాన్ డెర్ ఔవెరా, ఇంగె జెనే కలిసి రాసిన వ్యాసం ఈ తగవులో నాకు అన్నిటికన్నా నిదానంగా అనిపించింది. ఒకే మూలం వెతకడమే పొరపాటు అన్నది వాళ్ల మాటల సారం. ఇంటి విత్తనమూ ఉంది, పక్కింటి వానా పడింది, ఫ్రెంచిలో 'చేయు' అయిన 'ఫేర్' ప్రయోగాల ప్రభావమూ కొంత తగిలి ఉండొచ్చు. నాకూ ఇదే సబబుగా తోస్తుంది. నన్నడిగితే ఎక్కడ పుట్టిందన్న దానికన్నా పెద్ద ప్రశ్న, ఎందుకు నిలబడిందన్నది. వేల్స్ నుంచి వచ్చినా, ప్రాస కోసం వచ్చినా, అది నిషేధాల్లోనూ ప్రశ్నల్లోనూ తిష్ఠ వేసి మామూలు వాక్యాల్లోంచి ఎందుకు తప్పుకుంది? దీనికి కెల్టిక్ వాదం దగ్గర జవాబు లేదు. కార్నిష్‌లో 'చేయు' అన్ని వాక్యాల్లోనూ వస్తుంది.

ఎల్లెగోర్డ్ గ్రాఫు అసలు విలువ ఇక్కడే. 15వ శతాబ్దం నుంచి అన్ని రకాల వాక్యాల్లోనూ 'డూ' పెరుగుతుంది. 'నాట్'తో కూడిన ప్రశ్నల్లో అందరికన్నా ముందు, తర్వాత మామూలు ప్రశ్నల్లో, ఆ తర్వాత నిషేధాల్లో. మామూలు వాక్యాల్లోనూ 16వ శతాబ్దం మధ్య దాకా ఎక్కి, దాదాపు 10 శాతం దగ్గర ఆగి, దిగడం మొదలుపెడుతుంది. ఆంథొనీ క్రోక్ 1989లో ఈ లెక్కల్ని మళ్లీ తీసి, ఒక దశ దాకా ఈ వక్రరేఖలన్నీ ఒకే వేగంతో ఎక్కుతున్నాయని చూపించాడు. ముందు వెనకలున్నాయి గానీ వేగం ఒకటే. అంటే రకరకాల మార్పులు కాదు, లోపల ఒకే మార్పు జరుగుతోంది. ఇంగ్లీషు క్రియ 'నాట్'ను దాటి, కర్తను దాటి ముందుకు జరిగే శక్తిని పోగొట్టుకుంటోందన్నది ఆయన వివరణ. క్రియ ముందుకు జరగలేనప్పుడు ఆ స్థానంలో కాలాన్ని మోయడానికి ఎవరో ఒకరు కావాలి. అర్థం లేకుండా ఊరికే తిరుగుతున్న 'డూ' చేతికి దొరికింది. 1957లో చామ్‌స్కీ 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్'లో 'డూ'కు ఇచ్చిన పాత్ర కూడా ఇదే: అంటుకోవడానికి క్రియ దొరకని ప్రత్యయానికి ఆసరా.

మామూలు వాక్యాల్లో దాని పతనం గురించి ఆర్యా నుర్మి 1999లో రాసింది. 17వ శతాబ్దం తొలి ఏళ్లలో లండన్ ఉత్తరాల్లో అది చప్పున పడిపోయిందని చూపి, 1603లో స్కాట్లండ్ రాజు జేమ్స్ పరివారంతో లండన్‌కు దిగడమే కారణం కావచ్చని ఊహించింది. స్కాట్‌ల మాటలో ఈ 'డూ' తక్కువ. కొలువులో ఎవరి పలుకు నడిస్తే ఊరిలో అదే నడుస్తుందని నమ్మేవాళ్లకు ఈ ఊహ నచ్చుతుంది. అదే జేమ్స్ పేరు మీద 1611లో వచ్చిన బైబిల్ మాత్రం 'తిన్నాడు' అనడానికి పాతకాలపు 'డిడ్ ఈట్'నే పట్టుకు వేలాడింది. 1755 నాటికి శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఇలాంటి అనవసరపు 'డూ'ను దుష్టప్రయోగమని తేల్చేశాడు. సోమర్‌సెట్, డార్సెట్ పల్లెల్లో మాత్రం దాన్ని ఎవరూ తేల్చలేకపోయారు. 20వ శతాబ్దంలోనూ అక్కడి ముసలివాళ్లు రోజూ చేసే పని గురించి చెప్పేటప్పుడు ఒత్తు లేని 'డూ' వాడటాన్ని ఫిన్లండ్ పరిశోధకులు టేపుల మీద రికార్డు చేశారు. పుట్టిన ఊళ్లోనే చివరిదాకా ఉండిపోయిందన్నమాట.

లోకంలో అరుదు అన్న మెక్‌వోర్టర్ మాటకు ఒక పానకంలో పుడక ఉంది. ఉత్తర ఇటలీలో వాల్ కమోనికా లోయలో మొన్నో అన్న చిన్న ఊరుంది. అక్కడి మాండలికంలో ప్రశ్న అడగాలంటే 'చేయు' క్రియ అడ్డం రావాల్సిందే, అచ్చం ఇంగ్లీషులోలాగే. పావోలా బెనింకా, చెచీలియా పొలెట్టో 2004లో దీన్ని వివరంగా రాశారు. ఆ కొండల్లోకి ఇంగ్లీషు వెళ్లి నేర్పలేదు కదా. అవసరం వస్తే ఏ భాషైనా తన ఇంట్లోనే ఇలాంటి పనిమనిషిని తయారు చేసుకోగలదనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు.

అసలు మనమే చేసుకున్నాం. 'వచ్చాడు' అన్నదానికి నిషేధం 'రాలేదు'. ఇక్కడ 'రా' ఒట్టి తుమున్నర్థకం, కాలమంతా 'లేదు' మోస్తోంది. పాత కావ్యభాషలో 'రాడు' వంటి వ్యతిరేకక్రియకు కాలభేదం అంతగా ఉండేది కాదు. గతాన్ని విడిగా చెప్పాల్సి వచ్చినప్పుడు సహాయక్రియ దిగింది. మన పిల్లలు ఇంగ్లీషులో 'డిడ్ నాట్ కేమ్' అని రాస్తే మాస్టార్లు ఎర్రసిరాతో కొట్టేసి, డిడ్ పక్కన మొదటి రూపమే రావాలని సూత్రం వల్లె వేయిస్తారు. 'వచ్చలేదు' అంటావా, 'రాలేదు' అంటావా అని ఒక్క మాట అడిగితే ఆ సూత్రంతో పని ఉండదు. ఇంత దగ్గరి పోలికను మన ఇంగ్లీషు వాచకాలు వాడుకోకపోవడం నాకెప్పుడూ వింతే.

ఇంగ్లీషు క్రియలు తెలుగులోకి దిగేటప్పుడు జరిగేదీ ఇదే. సంస్కృత మాటలకు '-ించు' తగిలించి చింతించు, ధరించు అని సొంతం చేసుకున్నాం. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి 'గూగులించు' లాంటివి ఛలోక్తులుగానే మిగిలాయి. మామూలుగా మాత్రం డ్రైవ్ చేస్తాం, ఫోన్ చేస్తాం, డిలీట్ చేస్తాం. ఇంగ్లీషు క్రియ మూలరూపంలో అలాగే నిలబడితే కాలమూ పురుషా 'చేయు' మోస్తుంది. హిందీలో 'కర్నా', జపనీస్‌లో 'సురు' చేసే పనీ ఇదే.

ఇంగ్లీషు మొత్తం ఈ కొత్త పద్ధతికి ఒక్కసారిగా లొంగలేదు. రోజూ నోట్లో నలిగే క్రియలు గట్టిగా ఎదురుతిరిగాయి. తెలియడం, అనుమానించడం వంటి కొన్నిటిని ఎల్లెగోర్డ్ విడిగా ఒక గుంపు చేశాడు. 18వ శతాబ్దంలోనూ 'ఐ నో నాట్' అనేవాళ్లు ఉన్నారు. 'హ్యావ్' అయితే ఇంకా మొండిది. పాత బ్రిటిష్ వాచకాలు చదివిన మన పెద్దలు 'హ్యావ్ యూ ఎ పెన్' అనే అడిగేవారు. అమెరికా ప్రభావం పెరిగాక 'డూ యూ హ్యావ్' వచ్చింది. 'బి' క్రియ మాత్రం నేటికీ లొంగలేదు, 'ఈజ్ హీ' అని తానే ముందుకు జరుగుతుంది. 'డోంట్ బి' వంటి ఆజ్ఞార్థకాల దగ్గరే ఓడిపోయింది.

ఇన్ని వందల ఏళ్లు పట్టి కుదురుకున్న ఈ 'డూ' ఇప్పుడు నోటిమాటలో మళ్లీ అరుగుతోంది. 'డూ యూ నో' తొందరలో 'జ్యా నో' అవుతుంది. ఇంట్లో టీ కావాలా అని అడిగేవాళ్లు 'యూ వాంట్ టీ?' అని సరిపెట్టేస్తారు. 'ఐ డోంట్ నో' ఎప్పుడో 'డనో' అయిపోయింది. అందులో 'నాట్' కరిగిపోయింది, 'ఐ' కూడా పోయింది, 'డూ'కు ఒక్క 'డ' మిగిలింది.